92 ఏళ్ల అమ్మకు అత్యవసరంగా పేస్‌మేకర్ అమర్చాలంటున్నారు, ఈ వయసులో ఒప్పుకోవడం సబబేనా?

ప్రశ్న

మా అమ్మగారికి 92 సంవత్సరాలు. మొన్నటి వరకు చేతికర్ర పట్టుకుని ఇల్లంతా తిరుగుతూ, స్నానపానాదులు స్వయంగా చేసుకుంటూ, కళ్లద్దాలు పెట్టుకుని రోజూ కాసేపు చదువుకుంటూ ఉన్న మనిషి. కొంతకాలంగా నాలుగడుగులు వేస్తేనే ఆయాసపడుతున్నారు, లేచి నిలబడగానే కళ్లు తిరుగుతున్నాయని అంటున్నారు. వయసు వల్ల వచ్చిన నీరసమనుకుని మేమెవ్వరమూ అంతగా పట్టించుకోలేదు. ఒక ఉదయం మంచం దిగుతూనే స్పృహ తప్పి పడిపోయారు. ఆసుపత్రికి తీసుకువెళ్లేసరికి నాడి నిమిషానికి 28 ఉంది. ఈసీజీ చూసి కంప్లీట్ హార్ట్ బ్లాక్ అన్నారు. ఇంజెక్షన్లతో ఫలితం లేకపోవడంతో మొదట ఛాతీ మీద ప్యాడ్లు అంటించి కరెంటుతో గుండెను కొట్టించారు, ఆ తర్వాత గజ్జలోని సిర గుండా తీగను పంపి తాత్కాలిక పేసింగ్ పెట్టారు.

ఇప్పుడు ఆవిడ ఐసీయూలో ఉన్నారు. రక్తపోటు నిలకడగా ఉంది, మమ్మల్ని గుర్తుపడుతున్నారు, అయితే రాత్రిపూట మాత్రం ఎక్కడున్నదీ తెలియక తీగను లాగబోతున్నారు. శాశ్వత పేస్‌మేకర్ వీలైనంత త్వరగా అమర్చాలని డాక్టర్లు చెబుతున్నారు. మా అన్నయ్య ఇందుకు సుముఖంగా లేడు. ఇంత పెద్ద వయసులో కోతలు పెట్టి ఆమెను బాధపెట్టడం ఎందుకు, మందులతో నెట్టుకురాలేమా అని అతని బాధ. రేపు ఆవిడ చివరి దశకు చేరితే ఈ యంత్రం ప్రాణాన్ని పోనివ్వకుండా పట్టి ఉంచుతుందేమోనన్న భయం కూడా అతనికి ఉంది. చెల్లెలు మాత్రం ఒక్క పూట కూడా ఆలస్యం చేయవద్దంటోంది. ఇద్దరూ అమ్మ మీద ప్రేమతోనే మాట్లాడుతున్నారని నాకు తెలుసు, అందుకే ఎటూ తేల్చుకోలేకపోతున్నాను.

అమ్మ రక్తపోటుకు చాలా ఏళ్లుగా అటెనొలాల్ మాత్ర వేసుకుంటున్నారు, గ్లకోమాకు (కంటిలో ఒత్తిడి పెరిగే జబ్బుకు) టిమొలాల్ చుక్కలు వాడుతున్నారు. ఈ మందుల వల్లే నాడి పడిపోయి ఉంటే వాటిని ఆపడంతో సరిపోతుందా? తాత్కాలిక తీగతోనే మరికొంత కాలం గడిపి చూడవచ్చా? తెలిసినవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

మొదటి సమాధానం: హృద్రోగ వైద్యుడు

మీ అమ్మగారిని పరీక్షించిన వైద్యుల మాటే అంతిమం. అక్కడి ఈసీజీ, రక్తపరీక్షలు నేను చూడలేదు కనుక, మీ కుటుంబం నిర్ణయం తీసుకోవడానికి పనికివచ్చేంత వరకు చెబుతాను.

గుండె పై గదుల్లో పుట్టిన విద్యుత్ సంకేతం మధ్యలో ఉండే ఏవీ నోడ్ అనే కూడలిని దాటి కింది గదులకు చేరితేనే గుండె సవ్యంగా కొట్టుకుంటుంది. కంప్లీట్ హార్ట్ బ్లాక్‌లో ఒక్క సంకేతం కూడా కిందికి దిగదు. పై గదులు తమ వేగంతో తాము కొట్టుకుంటూ ఉంటాయి. కింది గదులు పూర్తిగా ఆగిపోకుండా, వాటిలోనే ఎక్కడో ఒకచోట ఆపద్ధర్మంగా ఒక లయ పుడుతుంది. అది ఏవీ నోడ్‌కు దగ్గరలో పుడితే నిమిషానికి 40 నుంచి 60 దాకా ఉండి కొంత నమ్మదగినదిగా ఉంటుంది. ఇంకా కిందుగా, జఠరికల (కింది గదుల) కండరంలో పుడితే 20 నుంచి 40 మధ్య నడుస్తుంది, ఎప్పుడు ఆగిపోతుందో చెప్పలేము. మీరు చెప్పిన 28 అనే సంఖ్య, స్పృహ తప్పడం, ఇంజెక్షన్లు పని చేయకపోవడం, ఈ మూడూ రెండో రకాన్నే సూచిస్తున్నాయి. మొదట ఇచ్చే అట్రోపిన్ ఏవీ నోడ్ మీద పని చేసే మందు. అడ్డంకి అంతకన్నా దిగువన ఉంటే దానితో సాధారణంగా ప్రయోజనం ఉండదు. ఈ పరిస్థితిలో ప్రమాదం నాడి నెమ్మదించడంతోనే ఆగదు. లయ బాగా మందగించినప్పుడు కొందరిలో ఉన్నట్టుండి జఠరికలు అదుపు తప్పి అతివేగంగా కొట్టుకోవడం మొదలై ప్రాణం మీదికి వస్తుంది.

ఇక మందుల సంగతి. మీరు ఈ ప్రశ్న అడగడం చాలా మంచిదైంది. వృద్ధులలో నాడి పడిపోయినప్పుడు మేము మొదట వెతికేది వారి మందుల సంచిలోనే. అటెనొలాల్ ప్రధానంగా మూత్రపిండాల ద్వారా బయటికి పోతుంది. ఈ వయసులో మూత్రపిండాల పనితీరు తగ్గితే, విరేచనాలో జ్వరమో వచ్చి ఒంట్లో నీరు తగ్గితే, రోజూ వేసుకునే మాత్రే శరీరంలో పేరుకుపోతుంది. దానికి తోడు రక్తంలో పొటాషియం పెరిగితే రెండూ కలిసి గుండెను మరింత కుంగదీస్తాయి. టిమొలాల్ చుక్కలను కూడా తేలికగా తీసుకోకూడదు. కంట్లో వేసిన మందు కన్నీటి నాళం గుండా ముక్కులోకి దిగి, అక్కడి పొరల నుంచి నేరుగా రక్తంలో కలుస్తుంది. మాత్రగా మింగినప్పుడు కాలేయంలో ముందుగానే జరిగే వడపోత దానికి ఉండదు. వెరపమిల్, డిల్టియాజెమ్, డిగాక్సిన్, అమియొడరోన్, మతిమరుపుకు ఇచ్చే డోనెపెజిల్ కూడా నాడిని నెమ్మదింపజేసే మందుల జాబితాలోకే వస్తాయి. కాబట్టి క్రియాటినిన్ (మూత్రపిండాల పనితీరు చెప్పే పరీక్ష), పొటాషియం, థైరాయిడ్ పరీక్షలు చేశారా, గుండెపోటును తోసిపుచ్చారా అని అడగండి. గుండె కింది భాగంలో వచ్చిన గుండెపోటు వల్ల కలిగే బ్లాక్ చాలాసార్లు కొన్ని రోజుల్లో దానంతట అదే సర్దుకుంటుంది. అటువంటప్పుడు శాశ్వత యంత్రానికి తొందరపడము.

అయితే పైవన్నీ సరిచూసి, మందు ప్రభావం తగ్గేంత వ్యవధి ఇచ్చాక కూడా బ్లాక్ అలాగే ఉంటే, కారణం విద్యుత్ మార్గమే అరిగి నారగా మారిపోవడమని భావించాలి. పెద్ద వయసులో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించే కారణం ఇదే. దానిని బాగుచేసే మాత్ర లేదు. మీ అన్నయ్యగారు అడిగిన ‘మందులతో నెట్టుకురావడం’ ఇక్కడ కుదరదు. డోపమిన్, ఎడ్రినలిన్ వంటి మందులను బొట్లుబొట్లుగా ఎక్కిస్తూ కొన్ని గంటలు కాపాడగలము, ఇంటికి పంపలేము. మందు ఆపాక ఒకసారి లయ కుదుటపడినా, కొందరిలో ఆ మందు లేకుండానే బ్లాక్ మళ్లీ వస్తుంది. అందువల్ల అటెనొలాల్ మీద నెపం పెట్టి నిశ్చింతగా ఉండడం కూడా క్షేమం కాదు.

తాత్కాలిక తీగ గురించి నా అభిప్రాయం గట్టిగానే చెబుతాను. అది గండం గడవడానికి వేసిన తాత్కాలిక వంతెన మాత్రమే. పెద్దవారిలో కుడి జఠరిక గోడ పలుచగా ఉంటుంది. తీగ కొన గుచ్చుకుని రంధ్రం పడితే గుండె చుట్టూ రక్తం చేరుతుంది. కాలు కదిపినప్పుడల్లా తీగ జారే అవకాశం ఉంది, జారితే ఆ క్షణం నుంచి పేసింగ్ ఉండదు. గజ్జ దగ్గర ఉంచిన కొద్దీ ఇన్‌ఫెక్షన్, సిరలో గడ్డకట్టడం పెరుగుతాయి. ఆ ఇన్‌ఫెక్షన్ రక్తంలోకి పాకితే శాశ్వత పేస్‌మేకర్‌ను వాయిదా వేయవలసి వస్తుంది. అది అన్నిటికన్నా చెడ్డ చిక్కు. సరిదిద్దగల కారణం లేదని తేలాక ఒక్క రోజు జాప్యం కూడా అమ్మగారికి మేలు చేయదు. వీలున్న చోట తాత్కాలిక తీగ జోలికే పోకుండా నేరుగా శాశ్వత పేస్‌మేకర్ అమర్చడానికే నేను మొగ్గు చూపుతాను. మీ అమ్మగారి విషయంలో అంత వ్యవధి లేదు కాబట్టి వారు చేసినది సరైన పనే.

‘కోతలు’ అన్న మాట వల్ల మీ అన్నయ్యగారి మనసులో పెద్ద ఆపరేషన్ మెదులుతున్నట్టుంది. ఛాతీ తెరవరు. పూర్తి మత్తు సాధారణంగా అవసరపడదు. కాలర్ బోన్ కింద చర్మానికి మాత్రమే మత్తు ఇచ్చి, కొద్దిపాటి కోతతో చర్మం కింద చిన్న సంచిలాంటి చోటు చేసి, అక్కడి సిర గుండా తీగను గుండెలోకి పంపి, యంత్రాన్ని ఆ చోటులో ఉంచి కుట్లు వేస్తారు. మామూలుగా గంట, గంటన్నరలో ముగుస్తుంది. ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరడం, రక్తం గడ్డకట్టి వాపు రావడం, తీగ జారడం, ఇన్‌ఫెక్షన్ వంటి ఇబ్బందులు లేకపోలేదు. బాగా సన్నగా ఉన్న వృద్ధులలో ఇవి కొంత ఎక్కువ. వాటిని బ్లాక్‌తో పక్కపక్కన పెట్టి చూస్తే ఏది పెద్ద ప్రమాదమో తేల్చుకోవడం కష్టం కాదు.

వయసు గురించి ఒక చరిత్ర విషయం. సిర గుండా తీగను గుండెలోకి పంపి పేసింగ్ చేసే పద్ధతిని 1958లో న్యూయార్క్‌లో సైమూర్ ఫర్మన్ మొదలుపెట్టినప్పుడు, దానితో చాలా వారాలు బతికి ఇంటికి వెళ్లగలిగిన రోగి వయసు 76. ఆనాటి లెక్కలో అది చాలా పెద్ద వయసు. ఈ చికిత్స మొదటి నుంచీ వృద్ధుల చికిత్సే. తర్వాత బ్రిటన్‌లో 70 ఏళ్లు దాటిన 2,021 మంది మీద జరిపి 2005లో వెలువరించిన యూకేపేస్ అధ్యయనంలో, హార్ట్ బ్లాక్‌కు ఒక తీగ ఉన్న పేస్‌మేకర్ పెట్టినా రెండు తీగలున్నది పెట్టినా మరణాల్లో తేడా కనిపించలేదు. అందుకే 92 ఏళ్ల మనిషికి మీ డాక్టర్లు ఒకే తీగ చాలంటే, తక్కువ రకం పెడుతున్నారని బాధపడకండి. పని త్వరగా ముగుస్తుంది, జారడానికి ఒక తీగ తక్కువ ఉంటుంది. రెండు తీగలు కావాలంటే అందుకూ కారణాలు ఉండవచ్చు, అడిగి తెలుసుకోండి.

రెండో సమాధానం: ఐసీయూ నర్సు

డాక్టర్‌గారు చెప్పినదానికి మంచం పక్కన నిలబడి చూసే దృష్టితో కొన్ని విషయాలు చేర్చదలిచాను, ఎందుకంటే శాశ్వత పేస్‌మేకర్ పెట్టే వరకు అమ్మగారిని కాపాడుకోవడంలో కుటుంబం చేయగలిగింది చాలా ఉంది.

మొదటిది, రాత్రిపూట అయోమయం. దీనిని డెలిరియం అంటారు. ఇది పిచ్చి కాదు, శాశ్వతమైన మతిమరుపూ కాదు. మెదడుకు రక్తం సరిగా అందకపోవడం, నిద్ర లేకపోవడం, మూత్రపు గొట్టం, మత్తుమందులు, కొత్త చోటు, ఇవన్నీ కలిసి తెచ్చే స్థితి. తీగను లాగకుండా చేతులు కట్టేస్తే పెనుగులాట పెరిగి డెలిరియం మరింత ముదురుతుంది. అమ్మగారి కళ్లద్దాలు, వినికిడి యంత్రం ఉంటే అది కూడా తెచ్చి పెట్టండి. చీకటి పడే వేళకు ఆమెకు బాగా అలవాటైన మనిషి ఒకరు పక్కన కూర్చునేందుకు అనుమతి అడగండి. ‘అమ్మా, ఇది ఆసుపత్రి, గుండె నెమ్మదిగా కొట్టుకుంటోందని తీగ పెట్టారు, నేను ఇక్కడే ఉన్నాను’ అని అవే మాటలు, అదే గొంతుతో ఎన్నిసార్లయినా చెప్పండి. వాదించవద్దు, గద్దించవద్దు. మూత్రపు గొట్టం నిజంగా అవసరమా అని అడగవచ్చు, అక్కరలేకపోతే తీసేయమనవచ్చు. నిద్రకోసం, శాంతపరచడం కోసం ఇచ్చే మందులు ఈ వయసులో ఒక్కోసారి మేలు కన్నా కీడే ఎక్కువ చేస్తాయి కాబట్టి వాటి గురించి తెలుసుకోవడంలో తప్పు లేదు.

రెండోది, గజ్జలో తీగ ఉన్నంతసేపూ ఆ కాలు మడవకూడదు. దీనివల్ల ఆవిడ మంచానికే అతుక్కుపోతారు. నాలుగైదు రోజులు కదలకుండా పడుకున్న 92 ఏళ్ల మనిషి కాళ్లలో బలం ఎంత తగ్గుతుందో చూసినవారికే తెలుసు. గుండె కుదుటపడి కూడా నడక తిరిగిరాని పెద్దవాళ్లు ఉన్నారు. త్వరగా శాశ్వత పేస్‌మేకర్ పెట్టాలని నేను కోరుకోవడానికి ఇది పెద్ద కారణం. ఈలోగా రెండో కాలి పాదాన్ని పైకీ కిందికీ ఆడించమనండి, ఊపిరి గట్టిగా పీల్చి వదలమనండి, మడమల కింద పుండ్లు పడకుండా చూడమని మమ్మల్ని అడగండి.

మంచం పక్కన ఉండే చిన్న పెట్టెను ఎవరూ తాకవద్దు. దానిలోని అంకెలు, బ్యాటరీ, తీగ బిగింపు మేము ప్రతి షిఫ్టులోనూ సరిచూస్తాము. ఎంత తక్కువ కరెంటుకు గుండె స్పందిస్తోందో కొలిచి రాసుకుంటాము. ఆ అంకె రోజురోజుకూ పెరుగుతుంటే తీగ కదులుతోందని అనుమానిస్తాము. మానిటర్ మీద గీతలు సక్రమంగా ఉన్నంత మాత్రాన గుండె కొట్టుకుంటున్నట్టు కాదు. ఛాతీ ప్యాడ్లతో పేసింగ్ చేసేటప్పుడు మెడ, ఛాతీ కండరాలు కూడా అదురుతాయి కనుక మెడ దగ్గర నాడి తెలియక మోసపోవచ్చు. అందుకే గజ్జ దగ్గర నాడి పట్టుకుని చూస్తాము. ఆ ప్యాడ్ల పేసింగ్ స్పృహలో ఉన్నవారికి చాలా నొప్పిగా ఉంటుంది. మీ అమ్మగారు ఆ సమయంలో కేకలు వేసి ఉంటే, అది చూసి మీ అన్నయ్యగారు పేస్‌మేకరంటేనే ఇలా ఉంటుందని అనుకుని ఉంటే, ఆయనకు దయచేసి చెప్పండి. శాశ్వత పేస్‌మేకర్ ఇచ్చే కరెంటు ఎంతో స్వల్పం, అది గుండె లోపలి పొరకే అందుతుంది, మనిషికి తెలియనైనా తెలియదు.

ఇంటికి వచ్చాక పడే ఇబ్బంది గురించి కూడా ఇప్పుడే చెబుతాను. పెట్టిన వైపు చేతిని కొన్ని వారాల పాటు భుజం కన్నా పైకి ఎత్తకూడదంటారు. దానికి భయపడి కొందరు చేతిని గుడ్డతో కట్టి కదలనివ్వరు, చివరికి భుజం బిగుసుకుపోతుంది. మోచేయి, మణికట్టు, భుజం కింది వరకు మామూలుగానే ఆడించవచ్చు. అసలు సమస్య, కుర్చీలోంచి లేచేటప్పుడు పెద్దవాళ్లు రెండు చేతులూ ఆన్చి బరువంతా వాటి మీద వేస్తారు. మీ అమ్మగారు ఏ చేత్తో కర్ర పట్టుకుంటారో యంత్రం అమర్చే ముందే డాక్టర్‌కు చెప్పండి, వీలైతే రెండో వైపు పెడతారు. లేపేటప్పుడు ఆ వైపు చంక కింద చెయ్యి వేసి ఎత్తవద్దు.

మూడో సమాధానం: ఇలాంటి నిర్ణయం తీసుకున్న కుటుంబ సభ్యురాలు

మా నాన్నగారికి తొంభై దాటాక ఇదే పరిస్థితి వచ్చింది. మా ఇంట్లోనూ మీ ఇంట్లో లాగే రెండు పక్షాలయ్యాయి. పేస్‌మేకర్ పెట్టించాము. ఆ తర్వాత ఆయన స్పృహ తప్పి పడిపోలేదు, ఆయాసం తగ్గింది, ముఖంలో కళ వచ్చింది. మోకాళ్ల నొప్పులు, చెవుడు, పేర్లు మరిచిపోవడం మాత్రం ఎప్పటిలాగే ఉన్నాయి. ఈ రెండో సంగతి ముందుగా ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేదని నాకు అనిపిస్తుంది. పేస్‌మేకర్ పెట్టగానే నాన్నగారు పదేళ్ల కిందటి మనిషి అవుతారని మా తమ్ముడు ఆశపెట్టుకుని, అలా కానందుకు చాలాకాలం కుమిలిపోయాడు. నాడి తగ్గడం వల్ల వచ్చిన బాధలే పోతాయి, మిగిలిన వృద్ధాప్యం మిగిలే ఉంటుంది. ఆ మాట ముగ్గురూ కూర్చుని ముందే మాట్లాడుకోండి.

కుట్ల మీద చెయ్యి పోనివ్వకుండా చూసుకోవడం మాకు అన్నిటికన్నా కష్టమైంది. ఆయనకు అక్కడ దురదగా ఉండేది, నిద్రలో గోకేవారు. ముందు వైపు గుండీలున్న మెత్తని నూలు చొక్కా తొడిగాక కొంత తగ్గింది. ఎరుపు, వాపు, చీము, జ్వరం కనిపిస్తే మాత్రం ఇంట్లో ఏ లేపనమూ పూయకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లండి.

ప్రశ్న అడిగినవారు మళ్లీ

మీరందరూ ఇంత ఓపికగా రాసినందుకు ఎంతో కృతజ్ఞతలు. మీరు చెప్పినట్టు అడిగాను. క్రియాటినిన్ కొద్దిగా పెరిగి ఉంది, పొటాషియం మామూలుగానే ఉంది, గుండెపోటు లేదని చెప్పారు. అటెనొలాల్ ఆపేశారు, దాని ప్రభావం పోయేంత సమయం గడిచిందంటున్నారు. తాత్కాలిక పేసింగ్ వేగాన్ని కాసేపు తగ్గించి చూస్తే సొంత లయ ముప్పై దగ్గరే ఉందట. అంటే మందు ఒక్కటే కారణం కాదన్నమాట. కళ్లద్దాలు పెట్టి, రాత్రి చెల్లెలు పక్కన ఉన్నాక అమ్మ చాలా స్తిమితపడ్డారు. పగటిపూట స్పష్టంగానే మాట్లాడుతున్నారు.

అన్నయ్య మీ సమాధానాలన్నీ చదివాడు. ప్యాడ్లు పెట్టినప్పుడు అక్కడ ఉన్నది అతనే. నర్సుగారు రాసింది చదివి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఇప్పుడు అతనికి మిగిలిన సందేహం ఒక్కటే. చివరి రోజుల్లో ఈ యంత్రం వల్ల అమ్మ ప్రాణం పోక యాతన పడతారా?

నాలుగో సమాధానం: వృద్ధుల వైద్య నిపుణురాలు, ఉపశమన చికిత్సలోనూ పని చేస్తున్నాను

మీ అన్నయ్యగారి ప్రశ్నకు ముందుగా జవాబు చెబుతాను. పేస్‌మేకర్ చనిపోతున్న గుండెను బతికించలేదు. అది పంపేది చిన్న సంకేతం. ఆ సంకేతానికి స్పందించే శక్తి కండరంలో ఉన్నంతవరకే దానికి విలువ. న్యుమోనియా, క్యాన్సర్, మూత్రపిండాల వైఫల్యం, ఏ కారణంతోనైనా శరీరం చివరి దశకు చేరినప్పుడు ఆక్సిజన్ తగ్గి, రక్తంలో ఆమ్లం పెరిగి, గుండె కండరం ఆ సంకేతాన్ని పట్టించుకోవడం మానేస్తుంది. మానిటర్ మీద పేస్‌మేకర్ గీతలు కనిపిస్తుండవచ్చు, గుండె మాత్రం ఆగిపోయే ఉంటుంది. కరెంటు షాక్ ఇచ్చే ఐసీడీ అనే యంత్రం వేరు. చివరి రోజుల్లో అది షాకులిచ్చి బాధపెట్టగలదు కనుక దాని షాక్ విభాగాన్ని ముందే ఆపించుకోవడం గురించి మాట్లాడతాము. చాలామంది ఈ రెండింటినీ ఒకటిగా భావించి భయపడతారు. మీ అమ్మగారికి పెట్టేది షాక్ ఇచ్చే యంత్రం కాదు. ఎప్పుడైనా ఆవిడ అన్ని చికిత్సలూ వద్దనుకునే స్థితి వస్తే, పేస్‌మేకర్ సెట్టింగులను కూడా బయటి నుంచే, ఏ కోతా లేకుండా, మార్చవచ్చు లేదా దానిని ఆపవచ్చు. ఆ కోరిక న్యాయమైనదేనని వైద్యసమాజం అంగీకరిస్తుంది.

హృద్రోగ వైద్యుల సమాధానంతో నాకు చాలావరకు ఏకీభావమే. అయితే ఒక్కచోట కొంచెం భిన్నంగా చెబుతాను. బ్లాక్‌తో పక్కపక్కన పెట్టి చూస్తే నిర్ణయం సులువన్నారు. మీ అమ్మగారి విషయంలో సులువే. కానీ ఇది చదివే వేరొక కుటుంబంలో, ఏళ్ల తరబడి మంచం పట్టి, మనుషులను గుర్తుపట్టలేక, ముద్ద మింగలేని స్థితిలో ఉన్న మనిషికి ఇదే బ్లాక్ వస్తే, యంత్రం పెట్టకుండా ఆయాసానికీ ఆందోళనకూ మందులిచ్చి ప్రశాంతంగా చూసుకోవడం కూడా సరైన వైద్యమే. అలా నిర్ణయించినవారు తల్లిదండ్రులను వదిలేసినట్టు కాదు. తేడా తెచ్చేది వయసు కాదు, అంతకుముందు ఆ మనిషి జీవితం ఎలా ఉందన్నది.

దానిని కొలవడానికి మేము క్లినికల్ ఫ్రెయిల్టీ స్కేల్ అనే కొలమానాన్ని వాడతాము. అది 1 నుంచి 9 వరకు ఉంటుంది. జబ్బుపడి ఐసీయూలో పడుకున్న ఈనాటి మనిషిని చూసి అంకె వేయకూడదు, రెండు వారాల కిందట ఎలా ఉండేవారో అడిగి వేయాలి. అత్యవసర విభాగంలో చాలాసార్లు ఇక్కడే పొరపాటు జరుగుతుంది. నాడి 28 ఉన్న ఏ మనిషైనా పాలిపోయి, సగం స్పృహలో, లేవలేని స్థితిలోనే కనిపిస్తారు. ఆ రూపం చూసి ‘ఈవిడలో ఇంకేముంది’ అనుకుంటే అది బ్లాక్‌ను చూసి మనిషిని తూచడమే అవుతుంది. కర్రతో నడుస్తూ, స్వయంగా స్నానం చేస్తూ, చదువుకుంటూ ఉన్న మనిషి అని మీరు రాసిన మొదటి వాక్యం, మీ అమ్మగారి కేస్ షీట్‌లో ఉందో లేదో కనుక్కోండి. లేకపోతే రాయించండి.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైనది ఒకటి మిగిలిపోయింది. మీ ప్రశ్నలో అన్నయ్య అభిప్రాయం ఉంది, చెల్లెలి అభిప్రాయం ఉంది, అమ్మగారిది లేదు. పగటిపూట స్పష్టంగా మాట్లాడుతున్నారన్నారు. అయితే ఆమెనే అడగాలి. వినికిడి యంత్రం ఉంటే అది పెట్టి, ఉదయం వేళ, గదిలో గొడవ లేనప్పుడు, డాక్టర్ సమక్షంలో, చిన్న చిన్న వాక్యాల్లో చెప్పండి. గుండె సొంతంగా సరిగా కొట్టుకోవడం లేదని, చర్మం కింద చిన్న యంత్రం పెడితే లేచి నడవడానికి అవకాశం ఉందని, పెట్టకపోతే ఏ క్షణమైనా స్పృహ తప్పవచ్చని, ప్రాణం కూడా పోవచ్చని దాచకుండా చెప్పండి. తర్వాత ఆవిడ తన మాటల్లో తిరిగి చెప్పగలుగుతున్నారో చూడండి. చెప్పగలిగితే నిర్ణయం ఆమెదే, ఒప్పుకున్నా కాదన్నా. ముగ్గురు పిల్లలూ కలిసి తల్లికి తెలియకుండా సంతకం పెట్టడం, అది ఎంత ప్రేమతో చేసినా, నాకు సమ్మతం కాదు.

ప్రశ్న అడిగినవారు మళ్లీ

ఈ ఉదయం ముగ్గురం కలిసి అమ్మను అడిగాము. అంతా విని, ‘మళ్లీ నా కాళ్ల మీద నేను నిలబడతానంటే పెట్టించండి, మంచంలో పడి ఉండడానికైతే వద్దు’ అన్నారు. ప్రొసీజర్ రేపటికి నిర్ణయించారు. గుండె లయ సరిగా లేదని ఇదివరకెప్పుడో అన్నారని, అందుకని రక్తం పలచబడే మాత్ర కూడా వాడుతున్నారని ఇప్పుడు అన్నయ్యకు గుర్తొచ్చింది. ఆ సంగతి డాక్టర్‌కు చెప్పాము. తీగ లేని పేస్‌మేకర్ ఉంటుందని ఎవరో అన్నారు, అది ఆవిడకు నయమా? కంటి చుక్కల సంగతేమిటి?

మొదటి సమాధానం రాసిన హృద్రోగ వైద్యుడు

ఆవిడ చెప్పిన మాటను యథాతథంగా డాక్టర్‌కు చెప్పండి. అది ఒప్పుకోలుతో పాటు తర్వాతి చికిత్సకు దారి కూడా చూపిస్తుంది. ప్రొసీజర్ అయిన మర్నాడే ఫిజియోథెరపిస్ట్ వచ్చి లేపి నిలబెట్టేలా ఇప్పుడే మాట్లాడుకోండి.

రక్తం పలచబరిచే మాత్ర గురించి చెప్పి మంచి పని చేశారు. అది వార్ఫరిన్ అనే పాత రకం మందు అయితే, పూర్తిగా ఆపి హెపారిన్ ఇంజెక్షన్లతో భర్తీ చేయడం కన్నా, తగిన మోతాదులో కొనసాగిస్తూ పేస్‌మేకర్ పెట్టినప్పుడే గాయం దగ్గర రక్తపు గడ్డలు తక్కువగా వచ్చాయని 2013లో వెలువడిన బ్రూయిజ్ కంట్రోల్ అధ్యయనం చూపింది. కొత్త రకం మాత్ర అయితే మూత్రపిండాల పనితీరును బట్టి ఎప్పుడు ఆపి ఎప్పుడు మొదలుపెట్టాలో వారు నిర్ణయిస్తారు. మీరు మాత్రం ఆఖరి మాత్ర ఏ పూట వేశారో సరిగా చెప్పండి.

తీగ లేని పేస్‌మేకర్ 2 గ్రాముల బరువుండే చిన్న గొట్టం వంటిది. గజ్జలోని పెద్ద సిర గుండా తీసుకువెళ్లి నేరుగా కుడి జఠరికలో అమరుస్తారు. ఛాతీ మీద కోత, చర్మం కింద సంచి, చేతిని ఎత్తకూడదనే నియమం ఉండవు. ఎప్పటి నుంచో గుండె లయ తప్పి ఉన్నవారికి, కుట్లు గోక్కునేవారికి, చర్మం మరీ పలుచబడినవారికి అది మంచి ఎంపికే. కానీ దానిని పంపే గొట్టం లావుగా ఉంటుంది. సన్నగా, చిన్న గుండెతో ఉన్న వృద్ధురాళ్లలో గుండె గోడకు రంధ్రం పడే ప్రమాదం గురించి జాగ్రత్తపడాలి. ఇప్పటికే గజ్జలో తీగ ఉంది కాబట్టి అక్కడి ఇన్‌ఫెక్షన్ సంగతి కూడా చూడాలి. అందుకే ఇది అమర్చే డాక్టర్ చేతికి వదిలేయవలసిన విషయం. ఆయన ఏ రకంలో ఎక్కువ అనుభవం ఉన్నవారో అడగడం మీ హక్కు.

బ్యాటరీ మామూలుగా 8 నుంచి 12 ఏళ్లు వస్తుంది. మొబైల్ ఫోన్‌ను యంత్రం ఉన్న వైపు జేబులో పెట్టకుండా, రెండో చెవి దగ్గర పెట్టుకుని మాట్లాడితే చాలు. ఇచ్చే గుర్తింపు కార్డు ఎప్పుడూ దగ్గర ఉండాలి. ఎమ్మారై తీయించవలసి వస్తే ఆ కార్డు చూపించి, ఆ యంత్రానికి, తీగకు అనుమతి ఉందో లేదో ముందుగా తేల్చుకోవాలి. ఎప్పుడో ఒకనాడు దహనసంస్కారం చేయవలసి వచ్చినప్పుడు బ్యాటరీ వేడికి పేలుతుంది కనుక యంత్రాన్ని ముందుగా తీయించాలని కుటుంబంలో ఒకరికైనా తెలిసి ఉండాలి.

టిమొలాల్ చుక్కలను మీ అంతట మీరు ఆపవద్దు. కంటి ఒత్తిడి పెరిగితే చూపు పోతుంది, చదువుకోవడం ఇష్టమైన మనిషికి అది చిన్న నష్టం కాదు. కంటి డాక్టర్‌కు జరిగినదంతా చెప్పి, గుండె మీద ప్రభావం లేని వేరే రకం చుక్కలు రాయించుకోండి. ఏ చుక్కలు వేసినా కన్ను మూసి, ముక్కు పక్కన కంటి మూలను రెండు నిమిషాలు వేలితో అదిమి పట్టుకుంటే మందు రక్తంలోకి దిగడం తగ్గుతుంది. అటెనొలాల్ విషయంలో తొందర లేదు. పేస్‌మేకర్ పెట్టాక నాడి పడిపోతుందన్న భయం ఉండదు కనుక నిజంగా అవసరమైతే అటువంటి మందు మళ్లీ వాడవచ్చు. అయితే క్రియాటినిన్ పెరిగి ఉందన్నారు కాబట్టి, అదే మాత్రను పాత చీటీ చూసి ఇంట్లో మొదలుపెట్టకుండా, డిశ్చార్జి కాగితంలో రక్తపోటుకు ఏ మందు రాశారో ఇంటికి బయల్దేరే ముందే చదివి, మిగిలిపోయిన పాత మాత్రలను ఆమె మందుల పెట్టెలోంచి తీసేయండి.